రాతిమీద వసంతము

ఈజియను సముద్రమున, ఆసియా మైనరు తీరమునకు ఎదురుగా, ఓలివు తోటలతో నిండిన లెస్బోస్ అను ద్వీపమొకటి కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్ది ప్రాంతమున లాంగస్ అను గ్రీకు రచయిత ఆ ద్వీపమును కథాస్థలముగా గ్రహించి, మేకపాలు త్రాగి బ్రతికిన డాఫ్నిస్ అను బాలునకును, గొఱ్ఱెపాలు త్రాగి బ్రతికిన క్లోయె అను బాలికకును నడుమ ఋతువుల వెంబడి పెరిగిన అనురాగమును, ఆ అనురాగమునకు పేరేమో తామిరువురును ఎఱుగని ముగ్ధతను, నాలుగు భాగముల గద్యకథగా రచించెను. ఆ ద్వీపముననే పుట్టి, యౌవనమున పారిస్ చేరి, చిత్రకారులచేత గ్రంథములు చేయించు ప్రకాశకుడుగా పేరుగాంచిన తెరియాద్, తన జన్మభూమి కథను తన కాలపు వర్ణములలో చూడగోరి, 1952లో మార్క్ షగాల్‌ను అర్థించెను. ఆ కోరిక ఫలించుటకు తొమ్మిదేండ్లు పట్టినది. 1961లో రెండు సంపుటములుగా వెలువడిన ఆ గ్రంథమున 42 వర్ణశిలాచిత్రములు కలవు. ఇరువదవ శతాబ్దమున రాతిపై రంగులతో చేసిన పనులలో దీనితో తులతూగునవి మిక్కిలి కొద్ది అని నా విశ్వాసము.

గ్రంథప్రతులు 250, వానికి తోడు విక్రయమునకు కాని ప్రతులు 20 ముద్రింపబడెను. ఇవిగాక, విశాలమైన అంచులు గల కాగితముపై ఆ చిత్రములనే విడివిడిగా 60 ప్రతులు తీసి, ప్రతి పత్రముపైనను షగాల్ పెన్సిలుతో సంతకము చేసెను. నేడు వేలముశాలలలో ఇట్టి చిత్రమొకటి కనబడగానే కొనువాని చూపు మొదట అడుగున నున్న ఆ పెన్సిలు అంకెమీదికి పోవును. అరువదింటిలో ఇది ఎన్నవది? సంతకమున్నదా, లేదా? చిత్రమున నున్న మేకపిల్లయు, సముద్రమును, నగ్నపాదయైన బాలికయు తరువాతి మాట. ఆ అంకె చరిత్ర వేరు, రాతి చరిత్ర వేరు. ఈ రెండును ఒకే కాగితముపై కలియుటకు నూఱేండ్లు పట్టినది. కలిసిన చోట మూడవ చరిత్రయొకటి, రాతిపనివారిది, చాలవరకు మఱుగున పడినది. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ మూడవదానిని గూర్చియే.

శిలాముద్రణమును కనుగొన్నవాడు ఆలోయిస్ సెనెఫెల్డర్. 1771లో ప్రాగ్ నగరమున నటుని కుమారుడుగా పుట్టి, మ్యూనిక్‌లో పెరిగి, తండ్రి మరణించిన పిమ్మట నాటకములు వ్రాసి జీవింపదలచి, వానిని అచ్చువేయించుటకు ధనము చాలక, తానే చౌకయైన ముద్రణోపాయమును వెదకుచుండెను. 1796లో ఒకనాడు, చాకలికి వేయవలసిన బట్టల పట్టీని తల్లి వ్రాసికొమ్మనగా, చేతికి కాగితము దొరకక, మైనమును సబ్బును మసియు కలిపి తాను చేసికొనిన సిరాతో నునుపు చేసిన రాతిపలకమీదనే ఆ పట్టీని వ్రాసెననియు, తరువాత ఆ రాతిపై ఆమ్లము పోసి చూడగా అక్షరములు ఉబ్బెత్తుగా నిలిచెననియు ఆయనయే చెప్పుకొనెను. ఉబ్బెత్తు అక్షరములతో అచ్చొత్తుట అప్పటికే లోకమెఱిగిన విద్య. అసలైన ఆవిష్కారము మఱి రెండేండ్లకు, 1798 ప్రాంతమున జరిగెను. జిడ్డును నీరును ఒకదానినొకటి సహింపవను సామాన్య సత్యముమీద ఒక ముద్రణవిద్యను నిర్మింపవచ్చునని ఆయన గ్రహించెను. గీచిన గీత ఉబ్బెత్తుగా నుండనక్కఱలేదు; లోతుగా చెక్కనక్కఱయు లేదు. రాతి సమతలముపై జిడ్డున్న చోట సిరా నిలుచును, తడియున్న చోట నిలువదు.

ఇందులకు తగిన రాయి బవేరియాలోని జోల్న్‌హోఫెన్ గనులలో లభించును. అదియును మన కడప, పల్నాడు సీమల నాపరాళ్ళవలె సున్నపురాతి జాతిదే; కాని దాని కణములు మిక్కిలి సూక్ష్మములు, దాని పొర సమము, తడినైనను జిడ్డునైనను సమానముగా పీల్చుకొను గుణము దానికి సహజము. ఒక రాతిపై మఱియొక రాతిని బోర్లించి, నడుమ ఇసుకయు నీరును వేసి, గుండ్రముగా త్రిప్పుచు నూరినయెడల పాత బొమ్మ చెరిగి క్రొత్త ముఖము వచ్చును. ఒక్క రాయి ఎన్ని చిత్రములకు పుట్టినిల్లై, ఎన్నిమాఱులు మరల నిర్మలమై యుండునో లెక్కింపజాలము. ఆ ముఖముపై చిత్రకారుడు జిడ్డు సుద్దతో గాని సిరాతో గాని గీయును. పిమ్మట పనివాడు నత్రికామ్లపు బొట్లు కలిపిన తుమ్మబంక నీటిని పూయును. గీత ఉన్నచోట జిడ్డు రాతిలో స్థిరపడును. లేనిచోట తుమ్మబంక పొర నిలిచి నీటిని మాత్రమే స్వీకరించును. తడిపిన రాతిపై సిరా రోలరును దొర్లించినప్పుడు గీతలు మాత్రమే నల్లబడును. కాగితము పఱచి ఒత్తినప్పుడు కుడియెడమలు తాఱుమాఱగును గావున, చిత్రకారుడు మొదటినుండియు తన చిత్రమును అద్దములో చూచినట్లు ఊహింపవలయును.

రంగుల మాట వచ్చునప్పటికి పని బహుగుణమగును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలయును; అన్ని రాళ్ళ అచ్చులును ఒకే కాగితముపై వెంట్రుకవాసియు తప్పక కూడవలయును. 1837లో గోద్ఫ్రువా ఎంగెల్‌మాన్ అను ముద్రాపకుడు ఇట్టి వర్ణశిలాముద్రణమునకు ఫ్రాన్సున పేటెంటు పొందెను. 1866లో జ్యూల్ షెరే పారిస్‌లో అచ్చుకూటము పెట్టి, మూడు నాలుగు రాళ్ళతోనే కనులు మిఱుమిట్లు గొలుపు గోడపత్రములు చేసి వీథులను అలంకరించెను. 1891లో తులూజ్ లోత్రెక్ మూలాన్ రూజ్ నాట్యశాలకై చేసిన గోడపత్రముతో ఆ వీథిచిత్రము మహాచిత్రకళలో స్థానము సంపాదించెను. ఈ నడుమ కాలమున రాయి చేయని చాకిరి లేదు: పటములు, సంగీతలిపి, సబ్బుపెట్టెల చీట్లు, దేవతల బొమ్మలు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయము, జర్మనీనుండి తెప్పించిన యంత్రములతోడను నిపుణులతోడను, లక్ష్మీసరస్వతులను వర్ణశిలాచిత్రములుగా అచ్చువేసి దేశమునకెల్ల పంచిపెట్టెను. తెలుగునాట పూజామందిరములలో పటము కట్టి నిలిపిన దేవతలలో ఎందఱో ఆ రాళ్ళమీద పుట్టినవారే. ఆ అచ్చులకు సంఖ్యానియమము లేదు. ఎందఱు కోరిన అందఱకు చేరుటయే వాని ధర్మము, వాని మహత్త్వము.

అయినచో ఈ మితసంఖ్య యెచ్చటినుండి వచ్చినది? తామ్రఫలకముపై చెక్కిన చిత్రము కొన్ని పదుల ప్రతులకే అరిగిపోవుట కలదు; అచ్చట తొలిప్రతికి మలిప్రతికన్న విలువ ఎక్కువగుట సహజము. రాతికి ఆ దౌర్బల్యము లేదు, వేలకొలది ప్రతులను అది ఓర్చుకొనును. కావున రాతి అచ్చునకు సంఖ్యనిర్ణయము రాతిగుణమువలన కలిగినది కాదు, ప్రకాశకుని సంకల్పమువలన కలిగినది. పందొమ్మిదవ శతాబ్ది చివర, వర్ణశిలాముద్రణమనగా చౌకబొమ్మయని రసికులు ఈసడించుచున్న దినములలో, పారిస్ చిత్రవర్తకుడు ఆంబ్రువాజ్ వొల్లార్, బొనార్, వ్యుయార్ మొదలగు యువచిత్రకారులచేత రాళ్ళపై బొమ్మలు గీయించి, ఓగ్యుస్త్ క్లో అను నిపుణునిచేత అచ్చొత్తించి, నూఱేసి ప్రతులు మాత్రమే వెలువరింప మొదలిడెను. 1896లో లోత్రెక్ రచించిన 'ఎల్' అను చిత్రమాలయు నూఱు ప్రతులే. ప్రతిని లెక్కించుట, చిత్రకారుడు స్వహస్తమున సంతకము చేయుట, ముద్రణము ముగియగనే రాతిని నూరివేయుట, ఈ మూడును కలిసి ఒక ఆచారమైనవి. ఇందు వ్యాపారబుద్ధి లేదనలేము. కాని వొల్లార్ వెలువరించిన ఆ సంపుటములు ఆనాడు చాలవరకు అమ్ముడుపోక అతని కొట్టులోనే పడియుండెనను మాటను గూడ మఱవరాదు. లాభముకొఱకే అయినచో అతడు రెండవ సంపుటముతోనే ఆగియుండెడివాడు.

ఆగలేదు సరికదా, 1902లో అతడు లాంగస్ రచించిన డాఫ్నిస్, క్లోయెల కథనే బొనార్ శిలాచిత్రములతో, క్లో ముద్రణముతో, 250 ప్రతులుగా ప్రకటించెను. ఆ బొమ్మలు నలుపుతెలుపులవి, తేలికైన చేతివాటము గలవి. అదే కథ, అదే 250 సంఖ్య, దాదాపు అరువదేండ్ల పిమ్మట తెరియాద్ చేతిమీదుగా మరల వచ్చుట యాదృచ్ఛికమని నాకు తోచదు. తెరియాద్ అనేక విధముల వొల్లార్ వారసుడు. షగాల్ చేత గొగోల్ నవల 'మృతాత్మల'కును, లా ఫొంతేన్ నీతికథలకును, బైబిలునకును తామ్రచిత్రములు చేయించినవాడు వొల్లార్. ఆ మూడింటిలో ఒక్కదానినైనను ప్రకటింపకయే అతడు 1939లో మరణింపగా, యుద్ధానంతరము 1948లోను, 1952లోను, 1956లోను వరుసగా ఆ మూడింటిని వెలుగులోనికి దెచ్చినవాడు తెరియాద్. రచించిన ఫలకములు ఏండ్లకొలది చీకటిలో పడియుండిన చిత్రకారునకు ఇట్టి ప్రకాశకుడు లభించుట ఎంతటి ఉపశమనమో ఊహింపవచ్చును.

షగాల్ 1887లో రష్యాసామ్రాజ్యమున వితెబ్స్క్ ప్రాంతమున పేద యూదు కుటుంబమున జన్మించినవాడు. యుద్ధకాలమున అమెరికాలో తలదాచుకొని, అచ్చటనే 1944లో ప్రాణసమానురాలైన భార్య బెల్లాను పోగొట్టుకొని, మరల ఫ్రాన్సు చేరి దక్షిణతీరమున వాన్స్ గ్రామమున స్థిరపడెను. 1952 వేసవిలో వాలెంతీనా బ్రోద్‌స్కీని వివాహమాడెను. నూతనదంపతులు ఆ యేడే గ్రీసునకు వెడలిరి. 1954లో మరల పోయిరి. మంచుదేశమున పుట్టి, కొయ్య యిండ్లను, బూడిదవన్నె ఆకాశమును బాల్యమునుండి మనసున మోసికొని తిరిగినవాడు, అఱువదియైదేండ్ల వయసున, క్రొత్తగా గృహస్థుడై, డెల్ఫీ కొండలను, పోరోస్ ద్వీపపు సముద్రమును చూచుట ఈ చిత్రములకు బీజము. అచ్చట చిత్రించిన గువాష్ (చిక్కని నీటిరంగుల) చిత్రములను తెచ్చి, 1957నుండి 1960 వఱకును పారిస్‌లో మూర్లో అచ్చుకూటమున వానిని రాళ్ళకెక్కించెను.

ఈ అచ్చుకూటమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. షాబ్రోల్ వీథిలో మూర్లో కుటుంబము నడపిన ఈ ముద్రణాలయము వాణిజ్యపు చీట్లనుండి మొదలై, ఫెర్నాన్ మూర్లో పర్యవేక్షణమున చిత్రప్రదర్శనల గోడపత్రములకు పేరుపొంది, 1937లో తెరియాద్ ప్రారంభించిన 'వెర్వ్' పత్రిక శిలాచిత్రములతో చిత్రకారులందఱకును ఆటపట్టయ్యెను. 1945 నవంబరులో పికాసో అందులో అడుగుపెట్టి, నెలల తరబడి దినమును పనివారితోపాటు గడపి, ఒకే వృషభమును పదునొకండు దశలుగా మార్చుచు, కండలు తిరిగిన జంతువును తుదకు కొలది గీతల రేఖాకృతిగా చేసెను. 1949లో జింకు రేకుపై అతడు చిత్రించిన తెల్లపావురము అచ్చటనే 50 ప్రతుల శిలాచిత్రముగా పుట్టి, పారిస్ శాంతిమహాసభ గోడపత్రమై లోకమెల్ల చుట్టెను. యాబది ప్రతుల చిత్రము, లెక్కలేని ప్రతుల గోడపత్రము, రెండును ఒక్క పావురమే. మితముద్రణమును గూర్చి వాదించువారు ఈ సంగతిని తఱచు తలంచుట మేలు.

షగాల్ అచ్చటికి 1950 ప్రాంతమునుండి వచ్చుచుండెను. అంతకుముందు, 1948లో, అరేబియా రాత్రుల కథలకు న్యూయార్కున వర్ణశిలాచిత్రములు చేసియున్నను, ఆ విద్యను అతడు పనివాని విద్యగా అభ్యసించినది మూర్లో రాళ్ళవద్దనే. అచ్చట షార్ల్ సోర్లియే అను శిలాకారుడు అతనికి కుడిభుజమయ్యెను. ఒక్కొక్క చిత్రమునకు మొదట ఆకృతిరేఖల రాయి. దానినుండి తీసిన లేతముద్రలను ఇతర రాళ్ళకు ఎక్కించి, వానిపై నీలమునకు, పచ్చకు, గులాబివన్నెకు వేర్వేరుగా చిత్రకారుడు గీయవలయును. గీయునప్పుడు ఏ రాతిమీదనైనను కనబడునది నలుపే. ఈ నలుపు రేపు ఊదాయగునని, ఈ నలుపు పసుపుపై పడి ఆకుపచ్చయగునని, మనసులోనే రంగులు చూడవలయును. ప్రూఫు తీసి గోడకు తగిలించి, షగాల్ దానిపై రంగుసుద్దతో దిద్దును. ఒక రాయిని గీకించును, మఱియొక రాయిని క్రొత్తగా కోరును. ఇట్లు కొన్ని చిత్రములకు ఇరువదికి మించిన రంగులు పట్టినవి. షెరే మూడు నాలుగు రాళ్ళతో తీర్చిన పనికి ఇన్ని యేల అని అడుగవచ్చును. షెరే రంగులు గోడమీదినుండి బాటసారిని పిలువవలయును. షగాల్ రంగులు ఒకదానిలోనుండి మఱియొకటి ఊరవలయును. సముద్రనీలము అడుగున లేతవంగవన్నె దాగి, దాని అడుగున కాగితపు తెలుపు వెలుగవలయును. అది రంగులు పొరలు పొరలుగా తడిసి ఆరిననే గాని సిద్ధింపదు.

తుదకు తృప్తి కలిగినప్పుడు ఒక్క ప్రూఫుపై, ఇట్లే అచ్చువేయుడని, చిత్రకారుడు అనుమతి వ్రాసియిచ్చును. ఆ ఒక్క పత్రమునే ప్రమాణముగా పెట్టుకొని తక్కిన ప్రతులనెల్ల ముద్రాపకుడు తీయును. ఇచ్చట చిత్రకారుని చేయి ఆగును. ప్రతులు 250, 20, 60 కలిపి 330, చిత్రములు 42, కావున సరియైన పత్రములే 13,860 కావలయును. చిత్రమునకు సగటున పదియే రంగులనుకొన్నను 1,38,600 మాఱులు కాగితము రాతిమీదుగా పోయి రావలయును. ప్రతిమాఱును రాయి తడియవలయును, సిరా సమముగా పట్టవలయును, కాగితము గుఱుతులమీద కూడవలయును. ఒక్క రంగు ఒక్క దారమంత ప్రక్కకు జరిగెనా, క్లోయె పెదవి ఆమె చెంపమీదికి పోవును. అంతకుముందు పడిన తొమ్మిది రంగుల శ్రమయు ఆ పత్రముతో వ్యర్థమగును. గాలిలో తేమ పెరిగినప్పుడు కాగితము సాగును, ఎండినప్పుడు ముడుచుకొనును; దానిని కనిపెట్టుచుండుటయు ముద్రాపకుని ధర్మమే. మితముద్రణము అను మాట వినినప్పుడు మనము 'మితము'నే వినుచున్నాము గాని, ఆ మితమునకు వెనుకనున్న ఈ అమితమైన చాకిరిని వినుట లేదు.

ఈ చాకిరికి ఫలమెట్టిదో చిత్రములను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. లామోన్ అను మేకలకాపరి పొదలో శిశువును కనుగొనుట మొదలుకొని పెండ్లివేడుక వఱకును కథ నడచును. ఫిలెతాస్ అను వృద్ధుడు తన తోటలో పిల్లలకు ప్రేమను గూర్చి చెప్పు ఘట్టము కలదు, దోర్కోన్ మరణము కలదు, వేసవి మధ్యాహ్నము కలదు, మంచు గప్పిన శీతకాలము కలదు. షగాల్ పూర్వచిత్రములలో గాలిలో తేలు దంపతులును, పిడేలు వాయించు మేకయు వితెబ్స్క్ జ్ఞాపకములు. ఇచ్చట మేకలు నిజముగా మేకలే, వానికి కథలో పని యున్నది. అతని జీవితమంతయు వెంటాడిన జంతువులకు తగిన యిల్లు ఈ గ్రీకుకథలోనే దొరికినదని నేనందును. ఈ శిలలు అచ్చట నూరబడుచున్న దినములలోనే, 1958లో, రవేల్ సంగీతము కూర్చిన ఇదే కథ నృత్యరూపకమునకు పారిస్ ఆపెరావారి కొఱకు షగాల్ తెరలను, వేషములను చిత్రించెను.

ఇక ఒక చిక్కు ప్రశ్న. షగాల్ స్వయముగా రాళ్ళపై గీచిన ఇట్టి చిత్రములు వేఱు. అతని గువాష్ చిత్రములను చూచి సోర్లియే రాళ్ళపై గీయగా షగాల్ ఒప్పుకొని సంతకము చేసినవి వేఱు. 1967లో వెలువడిన నీస్, కోత్ దాజ్యూర్ దృశ్యమాల ఈ రెండవ జాతికి చెందినది. మూలచిత్రమని మొదటిదానికి, భావానుసరణమని రెండవదానికి వ్యవహారము. రెండవ జాతిని మోసమని నిందించుట తగదు. సోర్లియే పేరు వానిపై దాచిపెట్టలేదు. నిందింపదగినవారు, సంతకమును మాత్రమే చూపి ఆ భేదమును కొనువానికి తెలుపని వర్తకులు. గీచిన చేయి ఎవరిదో చెప్పినంతనే ఏ చిత్రమునకును గౌరవము తగ్గదు.

ఈ సందర్భమున మన తెలుగువాడొకని స్మరింపవలయును. షగాల్ ఇరువది రంగులకు ఇరువది మాఱులు కాగితమును నడపించుచున్న ఆ కాలముననే, ఆ పారిస్ నగరముననే, చిత్తూరు సీమలో 1925లో పుట్టి, శాంతినికేతనమున నందలాల్ బోస్ వద్ద చదివిన కృష్ణారెడ్డి, హేటర్ స్థాపించిన ఆతెలియే 17 శాలలో, ఒకే లోహఫలకమునుండి ఒకే ఒత్తుడుతో అనేక వర్ణములు తీయు పద్ధతికై కృషి చేయుచుండెను. ఫలకమును వేర్వేరు లోతులకు చెక్కి, చిక్కదనము వేఱైన సిరాలను మెత్తని రోలరుతోను గట్టి రోలరుతోను పూసినచో, ఒక సిరా మఱియొక సిరాను తోసివేయును, లేదా చేర్చుకొనును. రంగులు కలియక తమ తమ లోతులలో నిలుచును. అది శిలాముద్రణము కాదు, దాని సూత్రము వేఱు. అయినను అచ్చట ఫలకమును చెక్కినదియు, సిరా పూసినదియు, కాగితమును ఒత్తినదియు ఒక్క చేయి. చిత్రకారుడును ముద్రాపకుడును ఇరువురుగా విడిపోవలసిన పనిలేదని ఆ రైతుబిడ్డ చేసి చూపెను. ఈ రెండు మార్గములలో ఏది ఘనమని తూచుటకు నాకు మనసొప్పదు. మూర్లో రాళ్ళమీద ఇద్దఱు మనుష్యుల నమ్మకము రంగుగా మాఱినది. కృష్ణారెడ్డి ఫలకముమీద ఒక్కని ఏకాగ్రత రంగుగా మాఱినది.

డాఫ్నిస్, క్లోయెల గ్రంథప్రతులకు తరువాత పట్టిన గతి నాకు బాధ కలిగించును. గ్రంథముగా కొన్నదానికన్న చిత్రములను విడదీసి ఒక్కొక్కటిగా అమ్మినచో లాభమధికమని, వర్తకులు అనేక ప్రతులను విప్పివేసిరి. రెండు పుటలకు పరచిన చిత్రములలో నడుమ మడతగీత కనబడినచో అది పుస్తకమునుండి వచ్చినదని ఎఱుగవలెను. వెడల్పైన అంచును, అడుగున సంతకమును, అంకెయు నున్నచో అరువది ప్రతులలోనిదని ఎఱుగవలెను. విడిపోయిన పత్రముపై శీతకాలము ఒకరి గోడకు, దాని వెనువెంట రావలసిన వసంతము మఱియొక ఖండమున ఇంకొకరి గోడకు చేరినవి. కథాక్రమము పోయినది. మిగిలిన ఆనవాలు ఫెర్నాన్ మూర్లో పేర వెలువడిన షగాల్ శిలాచిత్రముల పట్టికలోని సంఖ్యలు. ఆ పట్టికలో ఈ 42 చిత్రములును 308 మొదలు 349 వఱకును వరుసగా నున్నవి. కాబట్టి నేడు ఏ వేలముశాలలోనైనను, ఏ దేశముననైనను, ఇందలి విడిపత్రమొకటి అమ్మకమునకు వచ్చినప్పుడు, షగాల్ సంతకమున్నను లేకున్నను, అది ఏ చిత్రమో గుర్తుపట్టుటకు 'మూర్లో' అని అచ్చువేసినవాని పేరు చెప్పి, ఆ పేరు ప్రక్కన అంకె చదువుదురు.